గయ్యాళికి చలికాలం

శిక్షణాలయం హాస్టలు, పై అంతస్తు గది
నవంబరు

మరదలికి,

క్షేమంగా చేరాను. గదికి ఒక కిటికీ, ఒక మంచం, ఒక బల్ల. వర్క్‌షాపు పెద్దది, లేతులు కొత్తవి, నేర్చుకునేవాళ్ళు బుద్ధిమంతుల్లాగే కనిపిస్తున్నారు. నా సంగతి ఇంతే. ఇక అసలు సంగతి.

మీ ఇంటి వెనక షెడ్డులో నా బుల్లి ఆవిరి రైలింజను గయ్యాళిని వదిలేసి వచ్చాను. ఈ ఉద్యోగం పిలుపు ఆదివారం సాయంత్రం వచ్చింది, సోమవారం రైలెక్కాను. అంటే ఆ ఆదివారం పార్కులో జనాన్ని తిప్పి తెచ్చిన నీళ్ళు ఇంకా దాని బాయిలర్లోనే ఉన్నాయి. మీ కొండ ఊళ్ళో చలి ముదిరితే ఆ నీళ్ళు గడ్డ కడతాయి. గడ్డకట్టిన నీరు ఉబ్బుతుంది. రాగి పగులుతుంది. తొమ్మిదేళ్ళు కూర్చుని కట్టుకున్న ఇంజను ఒక్క రాత్రిలో పోతుంది. మా తమ్ముడికి చెప్పచ్చు కదా అంటావేమో. వాడు నీకు మొగుడు కాబట్టి నువ్వు గౌరవించు, నాకు మాత్రం వాడి చేతిలో స్పానరు చూస్తే లాక్కోవాలనిపిస్తుంది. ఒకసారి ఒక నట్టు బిగించమంటే తల తెంపి నా చేతిలో పెట్టాడు.

అందుకని నిన్ను అడుగుతున్నాను. నీకు ఇవన్నీ కొత్త, పైగా నీ క్లినిక్ పని నీకుంది. అయినా ఒక్క పూట.

ముందు బాయిలర్ పైన, ఇత్తడి గుమ్మటం పక్కనున్న బిరడా విప్పు. తర్వాతే కింద కుళాయి తిప్పు. నీళ్ళన్నీ పోయాక చేతి పంపు నాలుగు సార్లు ఊపు, దాని కడుపులో కూడా నీళ్ళుంటాయి. చక్రాల పక్కన వేలంత ఇత్తడి ముక్క ఉంటుంది, దాన్ని ఇంజెక్టర్ అంటారు, నడుస్తున్నప్పుడు ఆవిరితోనే నీళ్ళని లోపలికి తోస్తుంది. దాన్నీ విప్పి దులుపు. ముందు తలుపు తీసి బూడిదంతా ఊడ్చెయ్యి. బూడిదకి తేమ తగిలితే ఆమ్లమై లోహాన్ని తింటుంది. ఇనుప భాగాలకి నూనె పుయ్యి.

బిరడాలు మళ్ళీ బిగించకు. గాలి ఆడి లోపల ఆరాలి. వాటిని దారంతో హ్యాండిలుకి కట్టేస్తే తర్వాత నిప్పు పెట్టేవాళ్ళకి కనబడతాయి. పైన ప్లాస్టిక్ కప్పకు, చెమట పడుతుంది. పాత దుప్పటి చాలు.

ఫోన్లో చెప్తే మధ్యలో మీ ఆయన దూరతాడు. కాగితమైతే షెడ్డు గోడకి అంటించుకోవచ్చు.

వదిన

*

క్లినిక్, మధ్యాహ్నం ఖాళీ
నవంబరు

వదినగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందిన రోజే పని పూర్తి చేశాను. మీరు నన్ను అడిగినందుకు సంతోషం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మీరు నన్ను ఒక పని అడగడం ఇదే మొదటిసారి.

పైన బిరడా ముందు విప్పమన్నారు. నేను తొందరలో కింద కుళాయి ముందు తిప్పాను. నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. అయిపోయాయి కాబోలు అనుకుని, దాని కింద చతికిలబడి లోపలికి తొంగి చూస్తూ, అప్పుడు పై బిరడా విప్పాను. మిగతాది మీరే ఊహించుకోండి. మీ తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడి "గయ్యాళి నీ మీద ఉమ్మేసింది" అని లోపలికెళ్ళి తువ్వాలు తెచ్చారు. సాయం చేస్తానన్నారు. మీ మాట చెప్పి రెండడుగుల దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

దానికి గయ్యాళి అని పేరు ఎందుకు పెట్టారో అప్పుడు ఆయన చెప్పారు. కాస్త వేడెక్కితే చాలు పైన సేఫ్టీ వాల్వు లేచి వీధి వీధంతా వినబడేలా అరుస్తుందట. నేనెప్పుడూ వినలేదు. ఆదివారాలు నాకు క్లినిక్ ఉంటుంది కదా.

ఒక విషయం చెప్పాలి, తప్పైతే మన్నించండి. నీళ్ళు పోయాక లోపల ఎలా ఉంటుందో చూడాలనిపించింది. నా దగ్గర నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం ఉంటుంది. దాన్ని బిరడా రంధ్రంలోంచి దింపి, తలకి లైటు కట్టుకుని చూశాను. లోపల గొట్టాల వరస కనిపించింది. వాటి మీద తెల్లగా, మందంగా గార పట్టి ఉంది. నా కుర్చీలో కూర్చునేవాళ్ళలో ఏళ్ళ తరబడి డాక్టరు మొహం చూడనివాళ్ళ పళ్ళకి ఉండేదే. నాకు చేతులు దురద పెట్టాయి.

తీసెయ్యమంటారా?

మీ మరదలు

*

శిక్షణాలయం హాస్టలు
డిసెంబరు

మరదలికి,

నోటి అద్దం. ఇన్నేళ్ళు ఆ రంధ్రంలోకి ఒంటి కన్నుతో చూస్తూ మెడ పట్టేయించుకున్నాను.

ఆ పార్కు కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ. అదే పేరుకుంటుంది. గార మందమైన కొద్దీ నిప్పు వేడి నీటికి చేరదు, బొగ్గు తింటుందే తప్ప ఆవిరి ఇవ్వదు. తీసెయ్యాల్సిందే. కానీ నీ కొక్కేలతో గీకకు, అది పన్ను కాదు, రాగి. మెత్తన.

నిమ్మ ఉప్పు తెచ్చుకో. గోరువెచ్చటి నీళ్ళలో పల్చగా కలిపి బాయిలర్ నిండా పొయ్యి. పై బిరడా తీసే ఉంచు, లోపల నురగ కడుతుంది, గాలి బయటికి పోవాలి. రుసరుసమని చప్పుడు వినిపిస్తుంది, భయపడకు. చప్పుడు ఆగాక వంపేసి, కడుగు. మళ్ళీ కడుగు. నీళ్ళు ఎంత తేటగా పోస్తే అంత తేటగా బయటికి వచ్చేదాకా కడుగు. నీటి మట్టం చూపించే గేజి గ్లాసు, వాల్వులు ముందే విప్పి పక్కన పెట్టు.

ఇంకో పని. జనవరిలో గడియారాల మాస్టారిని పిలిచి నీటి ఒత్తిడి పరీక్ష చేయించు. మార్కెట్టు వెనక గడియారాలు బాగుచేసే ఆయనే, మా బుల్లి రైళ్ళ క్లబ్బుకి బాయిలర్ తనిఖీ కూడా ఆయనే చేస్తాడు. పరీక్ష పాసైన సర్టిఫికెట్టు నాకు పంపు. అవసరం ఉంది.

వదిన

*

ఇల్లు, వెనక వరండా
జనవరి

వదినగారికి నమస్కారాలు.

గార పోయింది. రుసరుస వింటుంటే మా క్లినిక్కులో కూర్చున్నట్టే ఉంది, రోగి ఏడవకపోవడం ఒక్కటే తేడా. బయటికి వచ్చిన మొదటి నీళ్ళు పాలలా ఉన్నాయి. ఇప్పుడు అద్దం పెట్టి చూస్తే లోపల గులాబిరంగు రాగి మెరుస్తోంది. మీ తమ్ముణ్ణి కుర్చీలోంచి లేపి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అక్క ఇది కడుతున్నప్పుడు నేను ఇంటరు చదువుతున్నాను. ఆ సుత్తి చప్పుడుకి నేను లెక్కల్లో తప్పాను" అన్నారు. గర్వంగానే అన్నారు.

గడియారాల మాస్టారు వచ్చారు. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. బాయిలర్ నిండా చుక్క గాలి లేకుండా నీళ్ళు నింపించారు. ఆవిరితో కాకుండా నీళ్ళతో ఎందుకని అడిగాను. "ఆవిరితో చేసి పగిలితే మనమిద్దరం మీ పక్కింట్లో తేలతాం. నీళ్ళతో పగిలితే మీ చీర తడుస్తుంది, అంతే" అన్నారు. చేతి పంపు నాకే ఇచ్చారు. ఒత్తిడి చూపే ముల్లు కదులుతుంటే ఆయన జేబులోంచి గడియారం తీసి పట్టుకున్నారు. మామూలుగా నడిచే ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల దాకా ఎక్కించాం.

పరీక్ష పూర్తయింది.

మీరు ఎలా ఉన్నారో ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. తిండి ఎలా ఉంది? ఆ గదిలో చలికి వేడి నీళ్ళయినా వస్తాయా? మీ కింది దవడ పన్ను మళ్ళీ సలుపుతోందా? బయల్దేరే ముందు చూపించుకోమంటే టైము లేదన్నారు.

మీ మరదలు

*

శిక్షణాలయం వర్క్‌షాపు, టీ విరామం
జనవరి

మరదలికి,

పరీక్ష పూర్తయింది అని రాశావు. నేనూ ఇక్కడ రోజూ పరీక్షలు పెడుతున్నాను, అవీ పూర్తవుతున్నాయి. పాసా, ఫెయిలా?

సర్టిఫికెట్టు ఏది?

పన్ను బాగానే ఉంది.

వదిన

*

క్లినిక్, తలుపు గడియ పెట్టి
ఫిబ్రవరి

వదినా,

నిన్న మధ్యాహ్నం ఒక పెద్దాయన మా గుమ్మంలో దిగాడు. తెల్ల చేతి తొడుగులు, వెనక ఒక వ్యాను, వ్యానులో తోపుడు బండి. "ఇంజను చూడ్డానికి వచ్చాను, మీ వదినగారితో బేరమంతా మాట్లాడుకున్నాం" అన్నాడు. నేను ఏ ఇంజను అని అడిగాను. ఏ వదిన అని కూడా అడగాల్సింది.

దుప్పటి తీసి చూపించాను. చుట్టూ మూడుసార్లు తిరిగాడు. తలుపు వెడల్పు కొలుచుకున్నాడు. ఎక్కడ నడుపుతారని అడిగితే నవ్వాడు. నడపడట. వాళ్ళింటి హాల్లో అద్దాల పెట్టె చేయించాడట. నిప్పు పెడితే పొగకి గోడలు పాడవుతాయట. "మరి బాయిలర్ సర్టిఫికెట్టు మీకెందుకండీ?" అన్నాను. "ఫ్రేము కట్టించి పైన వేలాడదీస్తాను" అన్నాడు.

చెప్పాను, సర్టిఫికెట్టు లేదని. నీకు రాయనిది ఆయనకి చెప్పాను. బాయిలర్ పరీక్షలో ఫెయిలయింది వదినా. ముల్లు పైకెక్కిన కాసేపటికి మెల్లగా దిగడం మొదలెట్టింది. కింద నేల మీద ఒక చుక్క పడింది. ఎక్కణ్ణుంచో మాస్టారికి అంతు చిక్కలేదు. నేను నిప్పు మండే గదిలోకి, అదే ఫైర్‌బాక్సులోకి, అద్దం, లైటు దూర్చి వెతికాను. లోపలి గోడనీ బయటి గోడనీ పట్టి ఉంచే రాగి కడ్డీలున్నాయి కదా, వాటిలో వెనక మూలనున్న దాని తల చుట్టూ తడి. తుడిస్తే మళ్ళీ వస్తోంది. అంత దూరాన ఒంటరిగా ఉన్న మనిషికి, చేత్తో కట్టుకున్న బాయిలర్ కారుతోందని ఎలా రాయను? బాగు చేయించి రాద్దామని ఆగాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను.

నువ్వు చేసిందేమిటి? చలికి పగిలిపోతుందని నన్ను పరిగెత్తించావు. దాని కడుపు కడిగాను, నూనె రాశాను, సాయంత్రాలు క్లినిక్ నుంచి ఇంట్లోకి రాకుండా తిన్నగా షెడ్డుకి పోతున్నానని మీ తమ్ముడు గొణుగుతున్నాడు. ఇదంతా ఎవరి హాల్లోనో బొమ్మని చెయ్యడానికా? ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?

పెద్దాయన్ని పంపించేశాను. మర్యాదగానే. టీ కూడా ఇచ్చాను. వెళ్తూ ఆయన వెనక పన్ను ఒకటి పుచ్చిందని కూడా చెప్పాను.

మరదలు

*

శిక్షణాలయం హాస్టలు, ఆదివారం ఉదయం
ఫిబ్రవరి

మరదలా,

నీ ఉత్తరం చదివి కోపం వస్తుందేమోనని కాసేపు కూర్చున్నాను. రాలేదు. పన్ను పుచ్చిందని చెప్పి పంపావని మూడోసారి చదువుతుంటే నవ్వు ఆగలేదు. పక్క గదిలో ఉండే లెక్కల టీచరు వచ్చి తలుపు కొట్టింది, నాకేమైనా అయిందేమోనని. ఇక్కడికి వచ్చాక నా నవ్వు ఆవిడ వినడం అదే మొదలు.

నన్ను 'నువ్వు' అని పిలిచావు ఉత్తరం పొడుగూతా. బాగుంది. దాన్ని ఇక మార్చకు.

ఇప్పుడు నిజం చెప్తాను. ఈ ఉద్యోగం ఆరునెలలకే అని ఇంట్లో అందరికీ చెప్పాను. వీళ్ళు మొదటి రోజే చెప్పారు, నచ్చితే ఇక్కడే ఉండిపోవచ్చని. వర్క్‌షాపు మొత్తం నా చేతికిస్తామన్నారు. నాకు నచ్చింది. చాలా నచ్చింది. నేర్చుకునేవాళ్ళలో ఒకమ్మాయి ఉంది, లోహాన్ని చెవితో వింటుంది. వీళ్ళ మధ్య ఉంటే నాకు పొద్దు తెలియడం లేదు. కానీ గయ్యాళిని ఇక్కడికి తేలేను. పట్టాలు లేవు, ఉంచడానికి చోటు లేదు. బాయిలర్ని ఊరికే పెడితే అది పాడైపోతుంది. నిప్పు చూడాలి, నీళ్ళు మార్చాలి, ఏడాదికోసారి ఎవరైనా దాని ఆరోగ్యం అడగాలి. ఎవరు చేస్తారు? మా తమ్ముడు? నిన్ను అడగచ్చు. కానీ నువ్వెప్పుడూ నాతో గారు అనే మాట్లాడావు. పండంటి మర్యాద. మర్యాద కొద్దీ ఒప్పుకునే మనిషి మీద జీవితాంతం మోసే బరువు ఎలా పెడతాను? ఆ పెద్దాయన నడుపుతానని రాశాడు. అద్దాల పెట్టె సంగతి నాకు తెలియదు. తెలిస్తే నేనే వ్యాను టైర్లలో గాలి తీసేదాన్ని.

నీకు బరువని నేనే అనుకున్నాను. నిన్ను అడగలేదు.

ఇక ఆ కడ్డీ. వెనక మూలదా? ఆ మూల అతికేటప్పుడు నా మంట సరిగ్గా అందలేదని అప్పుడే అనుమానం. పై పైన ఏదో పూసి మూసే పని చెయ్యకు. బాయిలర్ని చక్రాల మీంచి ఎత్తించి, చుట్టూ ఇటుకలు పేర్చి, మొత్తం వేడెక్కించి, వెండి తీగతో అతుకు మళ్ళీ పారించాలి. ఒక్కచోటే కాలిస్తే పక్క అతుకులు విడిపోతాయి. మాస్టారికి తెలుసు. ఆయన చెయ్యి ఈ మధ్య కొంచెం వణుకుతోంది, ఆయన చెప్పడు. నువ్వు చూసుకో.

ఇంకా ఉద్యోగానికి సరేనని చెప్పలేదు. ఏప్రిల్ దాకా గడువిచ్చారు.

వదిన

*

షెడ్డు, నల్లటి చేతులతో
మార్చి

వదినా,

ఈ కాగితం మీద మరకలు మసి. కడుక్కుని రాయాలనిపించలేదు.

అతుకు పడింది. మాస్టారి దుకాణం వెనక పెరట్లో చేశాం. క్లబ్బువాళ్ళు నలుగురు బాయిలర్ని ఎత్తి ఇటుకల మధ్య పెట్టారు. మంట ఆయన పట్టుకున్నారు, వెండి తీగ నేను. "చెయ్యి వణక్కూడదమ్మా" అన్నారు. "వణికితే ఈపాటికి ఊళ్ళో సగం మందికి నాలుకలు ఉండేవి కావు" అన్నాను. రాగి ఎర్రబడింది, తీగ తాకింది, తాకగానే నీళ్ళలా పారి ఆ తల చుట్టూ సన్నటి తెల్లటి ఉంగరం కట్టింది. ఇంత అందమైన పని ఎవరూ చూడని చోట చేశావన్నమాట, ఇన్ని కడ్డీలకీ, ఒక్కదానివే కూర్చుని.

రెండోసారి పరీక్షలో ముల్లు కదిలితే ఒట్టు. మాస్టారు గడియారం మూసి జేబులో పెట్టుకుని, సంతకం చేసి, ఒక గ్లాసు మంచినీళ్ళు అడిగారు. సర్టిఫికెట్టు ఇదిగో, దీనితో పాటే. ఫ్రేము కట్టించకు.

మొన్న శనివారం నిప్పు పెట్టాం. వాన నీళ్ళు పట్టి ఉంచాను, సున్నం ఉండదని. చిమ్నీ మీద ఫ్యాను పెట్టి, కిరసనాయిల్లో నానిన బొగ్గు ముక్కలు వేసి ముట్టించాను. మొదట పొగ. పక్కింటావిడ బట్టలు తీసేసుకుంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను ముల్లు వంకే చూస్తున్నాను. అది సున్నా మీద నిద్రపోతోంది. చూస్తుండగా ఒక వెంట్రుక పాటి జరిగింది. "కదిలింది" అన్నాను. మీ తమ్ముడు "నీ కన్ను కదిలింది" అన్నాడు. కదిలింది వదినా. ఎక్కుతూ, ఎక్కుతూ, ఎర్ర గీత దాకా వెళ్ళింది. అప్పుడు అరిచింది.

నేను ఇంత ఉంటుందనుకోలేదు. షెడ్డు రేకులు అదిరాయి. వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. మీ తమ్ముడు రెండు చెవులూ మూసుకుని నవ్వుతున్నాడు, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి, పొగకి అంటున్నాడు. మాస్టారు మాత్రం ఒత్తిడి చూస్తూ నిలబడ్డారు, నిప్పు ఎంత ఎగదోసినా ముల్లు గీత దాటలేదు. వాల్వు పని చేస్తోందని తల ఊపారు.

నీ బరువు ప్రశ్నకి జవాబు: ఆదివారాలు క్లినిక్ మూసేస్తున్నాను. బోర్డు మార్పించాను కూడా. ఉద్యోగం గురించి నేనేమీ చెప్పను. నీకు నచ్చిన చోట నువ్వుండాలి. కానీ ఏప్రిల్లో పార్కు తెరిచే రోజు మొదటి బండి గయ్యాళిదే అని క్లబ్బువాళ్ళు అన్నారు. రా. వచ్చి నువ్వే నడుపు. బొగ్గు నేను వేస్తాను.

మరదలు

*

శిక్షణాలయం
ఏప్రిల్

మరదలా,

రాలేను. ఆ వారమే ఇక్కడ పరీక్షలు. సెలవు ఇవ్వరు, అడగడం కూడా బాగుండదు. నువ్వే నడుపు.

గేజి గ్లాసులో నీళ్ళు సగానికి తగ్గనివ్వకు. ఇది మాత్రం మర్చిపోకు. నీళ్ళు తక్కువై నిప్పు ఎక్కువైతే లోపలి గోడ కాలిపోతుంది. జనం కేకలు పట్టించుకోకు, గ్లాసు చూడు. వంపు దగ్గర ఆవిరి తగ్గించు, అక్కడ పట్టా కొంచెం వాలి ఉంటుంది.

సర్టిఫికెట్టు అందింది. బల్ల సొరుగులో పెట్టాను. రోజుకోసారి తీసి చూస్తున్నాను.

వదిన

*

తిరుగు రైల్లో, కిటికీ పక్క సీటు
ఏప్రిల్, ఆదివారం రాత్రి

మరదలా,

రైలు ఊగుతోంది, అక్షరాలు వంకరపోతే సర్దుకో. తిరుగు రైలు ఎక్కడి నుంచా అనుకుంటున్నావా? మీ ఊరి నుంచే. పరీక్షలు శుక్రవారమే అయిపోయాయి. సెలవు అడగ్గానే ఇచ్చారు.

పొద్దున్నే పార్కుకి వచ్చాను. లెక్కల టీచరు కోటు, దాని మీద ఒక వెడల్పాటి టోపీ. టికెట్ల వరస పక్కన కంచె ఉంది కదా, అక్కడ జనం వెనక నిలబడ్డాను. ముందు నిన్ను చూశాను. ఇంజను వెనక బండి మీద, మోకాళ్ళు ముడుచుకుని, చెంప మీద మసితో. నీ పెళ్ళిలో కూడా నీ మొహం అలా వెలగలేదు. మా తమ్ముడికి చెప్పకు.

మూడో ట్రిప్పులో వంపు దాటాక ఇంజెక్టర్ మొరాయించింది. కింద గొట్టంలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, లోపలికి పోవడం లేదు. దూరం నుంచే నాకు అర్థమైపోయింది. గ్లాసులో మట్టం నాకు కనబడకపోయినా నీ మెడ వంగిన తీరు చూస్తే తెలిసింది. వెనక బండ్ల నిండా జనం. నేను కంచె ఎక్కాను. నిజంగానే ఎక్కాను, ఈ వయసులో. ఒక కాలు అవతల వేశాను, ఇంకోటి ఇవతల ఉంది, కోటు తీగకి పట్టుకుంది.

నువ్వు బండి ఆపావు. బూడిద తలుపు మూసి నిప్పుకి గాలి తగ్గించావు. వెనక్కి తిరిగి జనంతో "మా ఇంజనుకి దాహం వేసింది, కాస్త ఆగండి" అన్నావు, వాళ్ళు నవ్వారు. చేతి పంపు మెల్లగా, తొందరలేకుండా ఊపావు. తర్వాత ఒక చెంబెడు చన్నీళ్ళు తీసి ఇంజెక్టర్ మీద పోశావు. వేడెక్కితే అది పట్టదు, చల్లబరిస్తే పడుతుంది. ఆ సంగతి నేను నీకు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. ఎవరు చెప్పారో, నువ్వే కనిపెట్టావో. మళ్ళీ తిప్పావు, పట్టింది.

నేను కంచె మీద అలాగే ఉన్నాను. వెనక ఒకాయన "అమ్మా, ఎక్కుతున్నారా, దిగుతున్నారా?" అని అడిగాడు. దిగుతున్నానన్నాను. కాలు వెనక్కి తీసుకున్నాను.

నేను లేకుండా అది నడవడం చూస్తే బాధేస్తుందనుకుంటూ వచ్చాను. అలా జరగలేదు. ఎవరో నా భుజాల మీంచి గోనె బస్తా దింపినట్టుంది.

తర్వాత వరసలో నిలబడ్డాను. టికెట్లు చింపుతున్నది మా తమ్ముడు. టోపీ కిందికి వంగి చూశాడు, నోరు తెరిచాడు. నేను వేలు పెదాల మీద పెట్టాను. వాడు నోరు మూసి, నా టికెట్టు చింపి, "ఆఖరి బండిలో కూర్చోండమ్మా" అన్నాడు. వాడికి ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందో.

కూర్చున్నాను. ఇంజను కట్టిన దగ్గర్నుంచీ నేను దాని వెనక నడిపేదానిగానే కూర్చున్నాను. కళ్ళు గ్లాసు మీద, ముల్లు మీద, పట్టాల మీద. చెట్లుంటాయని కూడా చూడలేదు. ఇవాళ చూశాను. మీ పార్కులో ఎర్రపూల చెట్టు ఒకటి ఉంది, తెలుసా? ఆవిరి మొహానికి తగిలింది, వెచ్చగా, నూనె వాసనతో. నా పక్కన ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని "ఎంత మెత్తగా పోతోందో" అంది.

నీకు కనబడకుండా వచ్చేసినందుకు కోప్పడకు. కనబడితే నువ్వు లేచి నీ చోటు నాకిచ్చేదానివి. ఇస్తే నేను కాదనలేకపోయేదాన్ని.

రేపు ఉద్యోగానికి సరేనని చెప్తాను. గయ్యాళి నీది. దాచిపెట్టమని ఇవ్వడం లేదు, అప్పు కాదు, నీదే. క్లబ్బు పుస్తకంలో పేరు మార్పించమని మాస్టారికి రాస్తాను. వేసవి సెలవులకి వస్తాను, నన్ను ఎక్కించుకో.

ఒక్క తప్పు మాత్రం పట్టాను. మా ట్రిప్పులో స్టేషను దగ్గర ఆపడం మర్చిపోయావు. జనం చేతులు ఊపుతున్నా చూడకుండా ఒక రౌండు ఎక్కువ తిప్పావు. నడిపేవాళ్ళకి ధ్యాస ముఖ్యం.

వదిన

*

షెడ్డు
ఏప్రిల్

వదినా,

గయ్యాళిని కడిగి, ఆరబెట్టి, దుప్పటి కప్పి వచ్చాను. నాది అన్నావు కదా, అందుకని ఇవాళ కొంచెం ఎక్కువసేపు తుడిచాను. మీ తమ్ముడు తనకొక కుర్చీ కావాలన్నాడు, షెడ్డులో, శాశ్వతంగా. వేయించాను.

ఆయన నాకేమీ చెప్పలేదు. ఆ మాట నమ్ము. ఇంటికొచ్చాక కూడా నోరు విప్పలేదు, అన్నం తింటూ తనలో తనే నవ్వుకున్నాడంతే.

ఇంజను మీద ఇత్తడి గుమ్మటం ఉంది కదా. ఆదివారం పొద్దున్న దాన్ని అద్దంలా రుద్దాను. నడిపేవాళ్ళకి ముందు అదే కనబడుతుంది. వెనక బండ్లన్నీ, కూర్చున్నవాళ్ళందరూ అందులో చిన్నగా, వంపు తిరిగి కనబడతారు. ఆఖరి బండిలో వెడల్పాటి టోపీ పెట్టుకున్న ఒకావిడ గ్లాసు వైపు చూడకుండా, తల పైకెత్తి చెట్లు చూస్తోంది.

వెనక్కి తిరిగితే దిగిపోతావని తిరగలేదు. ఆపితే దిగిపోతావని ఆపలేదు.

మరదలు